బ్రష్డ్ లోహంపై నైరూప్య చిత్రం: లోహాన్ని ఎక్కడ కనిపించనివ్వాలి?

మీరు అడిగినదాన్ని ముందుగా ఒకసారి చెప్పుకుంటాను. బ్రష్డ్ అల్యూమినియం, అంటే సన్నని గీతలు పడేలా రాపిడి చేసిన అల్యూమినియం పలకపై అచ్చువేసిన ఒక నైరూప్య (అబ్‌స్ట్రాక్ట్) చిత్రాన్ని మీరు తెప్పించుకున్నారు. కంప్యూటర్ తెరపై వెలుగుతూ కనిపించిన రంగులు గోడమీదికి వచ్చేసరికి మసకబారాయి. పైగా పొద్దున ఒక రకంగా, రాత్రి ఒక రకంగా కనబడుతున్నాయి. ఇప్పుడు హాలు కోసం చిత్రకారుడు కాండిన్‌స్కీ వేసిన ‘కంపోజిషన్ 8’, ‘సెవరల్ సర్కిల్స్’, మరో చిత్రకారుడు మలేవిచ్ వేసిన ‘వైట్ ఆన్ వైట్’ అనే మూడు చిత్రాలనూ అదే లోహంపై వేయించాలనుకుంటున్నారు. లోపం అచ్చులో ఉందా, లోహంలోనే ఉందా, ఈ మూడింటిలో ఏది దీనికి నప్పుతుంది, ప్రింటర్‌కు ఏమని చెప్పాలి, ఏ గోడకు తగిలించాలి అన్నవి మీ సందేహాలు. అచ్చుకు ముందు ఫైళ్లు సిద్ధం చేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, లోహంపై వేసే పని నాకు ఎంతో ఇష్టమైనది కూడా. అందుకని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మొదటి సందేహానికి జవాబు: మీ దగ్గరున్న ప్రతిలో అచ్చు లోపం ఉండకపోవచ్చు. కాగితం మీదైనా కాన్వాసు మీదైనా రంగుల అచ్చు అంతా వెనకున్న తెలుపును నమ్ముకుని నడుస్తుంది. ప్రింటర్‌లోని సయాన్, మెజెంటా, పసుపు ఇంకులు పారదర్శకమైనవి. వెలుతురు ఆ పలుచని పొర గుండా లోపలికి వెళ్లి, అడుగునున్న తెల్లని తలాన్ని తాకి, మళ్లీ అదే పొర గుండా మన కంటికి చేరుతుంది. చిత్రంలో తెల్లగా ఉన్నచోట ప్రింటర్ ఏమీ వేయదు, అక్కడ కాగితమే తెలుపు. ఆ కాగితం స్థానంలో అల్యూమినియం పెట్టినప్పుడు చిత్రంలోని ప్రతి తెలుపూ వెండిరంగు అవుతుంది, తెలుపు కలిసిన ప్రతి లేతరంగులోనూ బూడిదరంగు చేరుతుంది. లేత గులాబీ మట్టిరంగులోకి దిగుతుంది, మీగడరంగు మెరుగుపెట్టని ఇత్తడిలా తేలుతుంది. ముదురు రంగుల సంగతి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం: గాఢమైన ఎరుపు, నీలం అడుగున దీపం పెట్టినట్లు మెరుస్తాయి, చిక్కని పసుపు బంగారు ఛాయలోకి వస్తుంది. మీ చిత్రంలో లేతరంగులు ఎక్కువగా ఉండి ఉంటే మీరు చూసిన మసకకు కారణం అదే.

పొద్దునకూ రాత్రికీ తేడా రావడానికి కారణం వేరు. బ్రష్డ్ లోహం అంటే ఒకే దిశలో, ఒకదాని పక్కన ఒకటిగా సన్నని గీతలు పడేలా రాపిడి చేసిన లోహం. అద్దం తనమీద పడిన వెలుతురును ఒకే దిక్కుకు పంపుతుంది, సున్నం వేసిన గోడ అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది. గీతల లోహం ఈ రెండింటికీ మధ్యరకం: గీతలకు అడ్డంగా ఉన్న దిశలో వెలుతురును బాగా విస్తరిస్తుంది, గీతల వెంబడి మాత్రం దాదాపు అద్దంలాగే ప్రవర్తిస్తుంది. అందుచేత దీపం ప్రతిబింబం చుక్కలా కాక, గీతలకు లంబంగా సాగిన ఒక వెలుగుపట్టీలా కనిపిస్తుంది. గీతలు అడ్డంగా ఉంటే ఆ పట్టీ నిలువుగా ఉండి, మీరు పక్కకు నడుస్తుంటే మీతోపాటే కదులుతుంది. గీతలు నిలువుగా ఉంటే పట్టీ అడ్డంగా పడి, మీరు కూర్చున్నప్పుడు ఒకచోట, నిలబడినప్పుడు మరోచోట కనిపిస్తుంది. పట్టీ పడిన భాగం వెండిలా మెరుస్తుంది, పడని భాగం సీసంలా నల్లబడుతుంది. ఒకే తలం మీద, ఒకే క్షణంలో ఈ రెండూ ఉంటాయి.

కాబట్టి ఇక్కడ లోహాన్ని చిత్రం వెనకున్న నేలగా చూడకూడదన్నది నా గట్టి అభిప్రాయం. అది చిత్రంలో అదనంగా చేరిన మరో రంగు; ప్రింటర్ వేయని రంగు, గదిలోని వెలుతురును బట్టి మారే రంగు. లోహంపై అచ్చు చక్కగా వచ్చిందా లేదా అన్నది ఆ రంగు ఎక్కడ కనిపించాలో, ఎక్కడ కనిపించకూడదో ముందే ఎవరైనా ఆలోచించి నిర్ణయించారా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఎవరూ నిర్ణయించకపోతే, ఫైలులో తెల్లగా ఉన్నచోటల్లా లోహం దానంతటదే బయటపడుతుంది. శిల్పులకు ఈ సంగతి బాగా తెలుసు. డేవిడ్ స్మిత్ 1960ల తొలి సగంలో చేసిన ‘క్యూబీ’ శిల్పాల స్టెయిన్‌లెస్ స్టీలు ముఖాలను గ్రైండర్‌తో సుడులు తిరిగేలా రాపిడి చేశాడు. ఆరుబయట ఆకాశం రంగు, పొద్దు రంగు వాటిపై ఆడాలన్నది ఆయన కోరిక. అది యాదృచ్ఛికంగా వచ్చిన మెరుపు కాదు.

ఈ నిర్ణయం చేయడానికి ఉన్న పనిముట్టు తెల్ల ఇంకు. పలకను బల్లపై పరిచి నేరుగా దానిమీదే అచ్చువేసే యూవీ ఫ్లాట్‌బెడ్ ప్రింటర్‌లో మామూలు నాలుగు రంగులతోపాటు (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు) తెల్ల ఇంకు కూడా ఉంటుంది, అతినీలలోహిత దీపం కింద ఇంకు పడిన వెంటనే గట్టిపడుతుంది. ముందుగా లోహంపై తెలుపు వేసి, దానిపై రంగు వేస్తే ఆ చోటు కాగితంపై వేసినట్లే నిండుగా వస్తుంది. తెలుపు వేయకుండా రంగు ఒక్కటే వేస్తే లోహం దానిలోంచి కనిపిస్తుంది. తెలుపును సగం సాంద్రతతో వేస్తే లోహం మెరుపు తగ్గి, రంగు కొంత తేరుకుంటుంది. ఎక్కడెక్కడ ఎంత తెలుపు పడాలో చెప్పే ప్రత్యేకమైన పొరను ఫైలులో తయారుచేయాలి. చాలామంది కొనుగోలుదారులకు ఇలాంటి పొర ఒకటి ఉంటుందన్న సంగతే తెలియదు. ప్రింటర్లు కూడా అడిగితే తప్ప చెప్పరు. అడగకపోతే అంతటా తెలుపు వేయడమో, అసలు వేయకపోవడమో, ఏదో ఒకటి చేసి ఇచ్చేస్తారు. అంతటా తెలుపు వేస్తే లోహానికి పెట్టిన ఖర్చంతా వృథా, అసలు వేయకపోతే మీ మొదటి ప్రతికి జరిగిందే జరుగుతుంది.

మార్కెట్లో రెండో పద్ధతి కూడా ఉంది, దాన్ని సబ్లిమేషన్ అంటారు. ప్రత్యేకమైన పాలిమర్ పూత పూసిన అల్యూమినియం రేకుపై, అద్దంలో చూసినట్లు తిరగేసి అచ్చువేసిన కాగితాన్ని బోర్లించి, సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడి వద్ద నొక్కి ఉంచితే, కాగితంపైనున్న రంగు ఆవిరై పూత లోపలికి చేరుతుంది. రంగు పైన కూర్చోకుండా పూతలో ఇంకిపోతుంది కాబట్టి వివరాలు చాలా స్ఫుటంగా వస్తాయి, గోరు తగిలితే ఊడదు. కానీ ఈ పద్ధతిలో తెల్ల ఇంకు ఉండదు. పూత అడుగున రేకు తెల్లగా ఉంటే చిత్రం మొత్తం తెలుపు మీద పడుతుంది, అడుగున గీతల లోహం ఉంటే మొత్తం లోహం మీదే పడుతుంది. ఒకే రేకు మీద ఈ చోట తెలుపు, ఆ చోట లోహం అని ఎంచుకునే వీలు ఉండదు. ముదురు రంగుల చిత్రానికి సబ్లిమేషన్ ఎంతో బాగుంటుంది. లేత రంగులూ ముదురు రంగులూ కలిసిన చిత్రానికి మాత్రం నేను యూవీ అచ్చునే ఎంచుకుంటాను.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తెల్ల రేకు మీదో ప్లాస్టిక్ పలక మీదో గీతల నమూనాను ఫొటోలా అచ్చువేసి బ్రష్డ్ లోహమని అమ్మేవి కూడా ఉన్నాయి. గుర్తుపట్టడం సులువే. పలకను చేతిలో పట్టుకుని దీపం కింద మెల్లగా తిప్పి చూడండి. నిజమైన గీతల మీద వెలుగుపట్టీ జరుగుతుంది, అచ్చువేసిన గీతల మీద మెరుపు ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఇప్పుడు మీ మూడు చిత్రాల దగ్గరికి వస్తాను. ముందుగా మలేవిచ్. 1918లో వేసిన ఈ చిత్రం న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది. ఒక్కో వైపు 79.4 సెం.మీ. ఉండే చదరం. కాస్త వెచ్చని తెలుపు నేలపై, కాస్త చల్లని తెలుపుతో వేసిన మరో చదరం వాలుగా తేలుతున్నట్లు ఉంటుంది. రెండు తెలుపుల మధ్య ఉన్న ఆ కొద్దిపాటి తేడాయే ఆ చిత్రానికి ప్రాణం. నాకు ఈ చిత్రం మీద ఉన్న ఇష్టం కొద్దీ, లోపలి చదరపు అంచు పడేలా దీనిలోంచి ఒక ముక్కను ఎంచుకుని, అరచేతి వెడల్పు పట్టీలుగా నాలుగు రకాలుగా వేసి చూశాను. తెలుపు అసలు వేయని పట్టీలో చదరమే లేదు. అంత లేత ఛాయను ప్రింటర్ అక్కడొకటి ఇక్కడొకటిగా వేసే చిన్న పసుపు, బూడిదరంగు చుక్కలతో చూపిస్తుంది; కాగితం మీద కలిసిపోయే ఆ చుక్కలు లోహం మీద దుమ్ము పడినట్లు విడివిడిగా కనిపించాయి. తెలుపును 40 శాతం వేసిన పట్టీలో చదరపు అంచు ఎడమవైపు నుంచి చూస్తే ఉంది, కుడివైపు నుంచి చూస్తే మాయమైంది. అంతటా పూర్తి తెలుపు వేసిన పట్టీలో రెండు తెలుపులూ చక్కగా తెలిశాయి, కానీ అందులో లోహమన్నదే లేదు. నాలుగోది, చదరానికి పూర్తి తెలుపూ నేలకు సగం తెలుపూ వేసినది, చూడటానికి అందంగానే వచ్చింది. అయితే మలేవిచ్ చిత్రంలో తేడా వెచ్చదనానికీ చల్లదనానికీ మధ్య ఉంటే, నా పట్టీలో తేడా మెరిసేదానికీ మెరవనిదానికీ మధ్య ఉంది. అది వేరే చిత్రం. ఈ చిత్రాన్ని మందపాటి మ్యాట్ (మెరుపులేని) కాగితంపై గానీ కాన్వాసుపై గానీ వేయించుకోండి, లోహంపై వద్దు.

‘సెవరల్ సర్కిల్స్’ విషయంలో నేను మీకంటే ఎక్కువ ఉత్సాహంగా ఉన్నాను. 1926 నాటి ఈ చిత్రం గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఉంది; ఒక్కో వైపు సుమారు 140 సెం.మీ. ఉంటుంది. చీకటి నేలపై పెద్ద నీలివృత్తం, దాని లోపల నల్లని వృత్తం, చుట్టూ గ్రహణం నాటి వెలుగులాంటి వలయం, ఒకదానిపై ఒకటి పారదర్శకంగా ఒరిగిన చిన్న చిన్న రంగు వృత్తాలు ఉంటాయి. ముదురు నేల లోహానికి బాగా కలిసొస్తుంది. నేల నలుపు కింద తెలుపు వేయించకండి. నలుపును రెండు విడతలుగా వేయమని అడగండి. ఒక్క విడతలో వేసిన నలుపు పట్టపగలు బూడిదరంగులోకి వస్తుంది, రెండు విడతలైతే నిండుగా ఉండి, వెలుతురు వాలుగా పడినప్పుడు మాత్రమే గీతలు లీలగా తెలుస్తాయి. వృత్తాలలో నీలం, ఎరుపు లాంటి చిక్కని రంగుల కింద లోహాన్ని అలాగే వదిలేయవచ్చు. లేత గులాబీ, లేత పసుపు వృత్తాల కింద సగం తెలుపు ఉండాలి. పెద్ద వృత్తం చుట్టూ ఉన్న వెలుగువలయం దగ్గర తెల్ల పొర అంచు కత్తితో కోసినట్లు ఆగిపోకుండా క్రమంగా పలుచబడాలి, లేకపోతే ఆ వెలుగు కాస్తా గట్టి అంచున్న రింగులా తేలుతుంది. స్పష్టమైన అంచున్న వృత్తాల దగ్గర ఇంకో పద్ధతి పాటించాలి: తెల్ల పొరను రంగు అంచుకంటే వెంట్రుకవాసి లోపలికి లాగాలి. తెలుపు, రంగు ఒకదానిమీద ఒకటి అణుమాత్రం తేడా లేకుండా పడతాయని ఏ యంత్రమూ హామీ ఇవ్వలేదు. లోపలికి లాగకపోతే ప్రతి వృత్తానికీ ఒక పక్కన తెల్లటి అంచు కనిపించి, నల్లని నేలపై అది కంటికి ముల్లులా తగులుతుంది.

‘కంపోజిషన్ 8’ ఈ మూడింటిలోకీ కష్టమైనది, అందుకే దీని గురించి ఎక్కువ ఆలోచించాను. 1923లో వేసిన ఈ చిత్రం కూడా గుగ్గెన్‌హైమ్‌లోనే ఉంది. సుమారు 140 సెం.మీ. ఎత్తు, 201 సెం.మీ. వెడల్పు. నేలంతా మీగడరంగు, అక్కడక్కడా లేత నీలం. దానిపై కొలబద్ద పెట్టి గీసినట్లున్న సన్నని నల్లని గీతలు, కోణాలు, గళ్లు, అర్ధవృత్తాలు. పైన ఎడమవైపు మూలలో ఊదారంగు మధ్యభాగం ఉన్న పెద్ద నల్లని వృత్తం. మీగడ నేల కింద తెలుపు వేయకపోతే అది పాత ఇత్తడి రంగులోకి పోవడం ఒక్కటే కాదు, అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది: కాండిన్‌స్కీ గీసిన గీతకూ, లోహంపైనున్న రాపిడి గీతకూ పోటీ వస్తుంది. ఆయన గీతల్లో కొన్ని చాలా సన్ననివి. వెలుగుపట్టీ వాటిమీదుగా జరిగినప్పుడు నేలలోని వందలాది గీతలు ఒక్కసారిగా మెరిసి, చిత్రకారుడి గీత వాటిలో తప్పిపోతుంది. ఎంతో తూకంగా పేర్చిన కూర్పులో గీత ఒక్కటి కనిపించకపోయినా ఆ పక్కనున్న ఆకారం ఆధారం తప్పినట్లు అవుతుంది. అందువల్ల ఈ చిత్రంలో నేల మొత్తానికీ, సన్నని గీతలున్న ప్రతిచోటా పూర్తి తెలుపు వేయించమంటాను. లోహాన్ని రెండు మూడు ఆకారాలకే పరిమితం చేయండి: పెద్ద వృత్తంలోని ఊదారంగు భాగం, చిక్కని రంగున్న ఒకటి రెండు చిన్న వృత్తాలు చాలు. చుట్టూ ఉన్న మ్యాట్ తెలుపు మధ్య ఆ ఊదా ఒక్కటే మీరు నడుస్తున్నప్పుడు వెలిగి ఆరుతుంటే, ఆ మూలకు చిత్రంలో ఉన్న బరువు ఇంకా పెరుగుతుంది. ఇది కాండిన్‌స్కీ చేసిన పని కాదు, మనం చేస్తున్న మార్పు. ఇంట్లో పెట్టుకునే ప్రతికి ఇంత మార్పు న్యాయమేనని నా అభిప్రాయం.

మీరు ఇకముందు వేరే చిత్రాలను ఎంచుకుంటారేమో కాబట్టి రెండు మాటలు. హిల్మా అఫ్ క్లింట్ 1907లో వేసిన నిలువెత్తు చిత్రాల లేత నారింజ, గులాబీ, లిలాక్ రంగులు కాగితంపై టెంపెరాతో, అంటే ఆరాక మెరుపులేకుండా పొడిగా కనిపించే రంగుతో వేసినవి. వాటి పొడి మృదుత్వాన్ని లోహం చంపేస్తుంది. మోండ్రియన్ చిత్రాలలో నల్లని గీతల మధ్య ఉన్న తెల్లని గదులు ఖాళీలు కావు, ఆయన కుంచెతో శ్రద్ధగా పూసిన రంగు. వాటిని వెండిరంగులో వదిలేసిన ప్రతులు నాకు మింగుడుపడవు. రోత్కో చిత్రాలలో అంచులు మంచులా కరుగుతుంటాయి, ఆ అంచులకు అడ్డంగా గీతలు పడటం ఆయన రంగుకు అన్యాయం. అదే జాక్సన్ పోలక్ 1950 నాటి ‘లావెండర్ మిస్ట్’లో అల్యూమినియం రంగునే చిలకరించాడు, ఫ్రాంక్ స్టెల్లా 1960లో ఒక చిత్రశ్రేణిని మొత్తం అల్యూమినియం రంగుతోనే వేశాడు. అలాంటి చిత్రాలలో లోహపు మెరుపు అసలులోనే ఉంది. అయితే ఇలాంటివాటికి హక్కుల చిక్కు ఉంటుంది. కళాకారుడు మరణించాక 70 ఏళ్ల వరకు హక్కులు నిలిచే దేశాలు చాలా ఉన్నాయి. ఆ లెక్కన 1935లో మరణించిన మలేవిచ్, 1944లో మరణించిన కాండిన్‌స్కీ చిత్రాలకు గడువు తీరిపోయింది. 1956లో మరణించిన పోలక్ చిత్రాలకు 2026 చివరి వరకు, 1970లో మరణించిన రోత్కో చిత్రాలకు 2040 చివరి వరకు గడువు ఉంటుంది. అమెరికాలో పాత చిత్రాలకు ప్రచురణ సంవత్సరాన్ని బట్టి వేరే లెక్క ఉంది. మీరుండే దేశపు నియమం చూసుకుని ముందుకు వెళ్లండి.

ఫైలు పరిమాణం గురించి అనవసరంగా భయపడేవాళ్లను చాలామందిని చూశాను. మామూలు కంటిచూపు ఒక డిగ్రీలో 60వ వంతు కోణం వరకు వివరాలను విడదీసి చూడగలదు. అంటే 2 మీటర్ల దూరం నుంచి చూసినప్పుడు అర మిల్లీమీటరుకు కొంచెం పైన. సోఫాలో కూర్చుని చూసే చిత్రానికి అంగుళానికి 150 పిక్సెళ్లు ఉంటే చేయిచాపు దూరం నుంచి చూసినా లోపం కనిపించదు. ‘కంపోజిషన్ 8’ను 120 సెం.మీ. వెడల్పుతో వేయిస్తే ఎత్తు సుమారు 84 సెం.మీ. వస్తుంది, ఫైలు వెడల్పు 7,100 పిక్సెళ్ల దరిదాపుల్లో ఉంటే సరిపోతుంది. అంతకంటే ముఖ్యమైనది ఫైలు మూలం. పుస్తకంలోంచి స్కాన్ చేసిన బొమ్మలో ఆ పుస్తకపు అచ్చుచుక్కలు దాగి ఉంటాయి, అవి లోహం గీతలతో కలిస్తే నేలంతా అలలు అలలుగా కనిపిస్తుంది.

ఇక గీతల దిశ. దీన్ని ఆర్డరులో రాయకపోతే ప్రింటర్ తనకు రేకు ఎలా కలిసొస్తే అలా కోస్తాడు. పని నేర్చుకున్న కొత్తలో మూడు పలకలుగా విడదీసిన ఒక చిత్రాన్ని నేను రేకుపై అమర్చాను. ముక్క వృథా కాకూడదని మధ్య పలకను అడ్డంగా తిప్పాను. మిగతా రెండింటిలో గీతలు అడ్డంగా ఉంటే దీనిలో నిలువుగా పడ్డాయి. కార్ఖానాలో బల్లపై పక్కపక్కన పరిచినప్పుడు, పైన వరసగా ఉన్న ట్యూబులైట్ల వెలుతురులో, ముగ్గురం చూశాం, ఎవరికీ తేడా తెలియలేదు. గోడకు తగిలించి సాయంత్రం దీపం వేయగానే అటూ ఇటూ ఉన్న పలకలు వెండిలా వెలిగాయి, మధ్యది కిటికీ మూసినట్లు నల్లగా ఉండిపోయింది. ఫైలు అదే, ఇంకు అదే, యంత్రం అదే. ఆ మధ్య పలకను మళ్లీ వేసి ఇవ్వాల్సి వచ్చింది. అప్పటినుంచి రేకుపైనున్న రక్షణ పొరమీద ఉండే బాణం గుర్తులను చూడకుండా నేను కోత మొదలుపెట్టనివ్వలేదు. మీరు మూడింటినీ ఒకే గోడపై పెట్టాలనుకుంటే అన్నింటిలోనూ గీతలు ఒకే దిశలో ఉండాలనీ, బాణాలు కూడా ఒకేవైపు చూడాలనీ ఆర్డరులో రాయండి.

ఏ దిశ మంచిదన్నది గోడను బట్టి ఉంటుంది. చిత్రాన్ని ఎక్కువగా రాత్రిపూట పైకప్పు దీపం కింద చూస్తారనుకుంటే గీతలు అడ్డంగా ఉండాలి. అప్పుడు వెలుతురు పైనుంచి కిందికి విస్తరించి, కూర్చున్నా నిలబడినా లోహం వెలుగుతూ కనిపిస్తుంది. గీతలు నిలువుగా ఉంటే అదే దీపపు వెలుగుపట్టీ చిత్రం పైఅంచుకు ఎగువన గోడమీద పడాల్సిన ఎత్తులో ఉండిపోయి, చిత్రం మొత్తం చీకటిగా ఉండే అవకాశం ఎక్కువ. పక్కగోడకు పెద్ద కిటికీ ఉండి, పగటిపూట చూసేది ఎక్కువైతే నిలువు గీతలు మేలు. అవి పక్కనుంచి వచ్చే వెలుతురును గది పొడవునా పరుస్తాయి. కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉన్న గోడ మాత్రం వద్దు. ఏ దిశ గీతలైనా సరే, పగలంతా కిటికీ వెలుతురు తెల్లని పొగలా చిత్రాన్ని కప్పేస్తుంది, నేరుగా ఎండ పడితే ఏళ్లు గడిచేకొద్దీ రంగులు కూడా వెలుస్తాయి. దీపం విషయంలో సన్నని కిరణం వేసే స్పాట్‌లైటు కంటే విశాలంగా పరుచుకునే దీపం నయం. పసుపు ఛాయ వెలుతురిచ్చే 2700 కెల్విన్ దీపం కింద లోహం తేనెరంగులోకి, అంతకంటే తెల్లని వెలుతురిచ్చే 4000 కెల్విన్ దీపం కింద ఉక్కురంగులోకి వస్తుంది. కాండిన్‌స్కీ నీలాలకు రెండోదే నాకు ఇష్టం.

తగిలించడం గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. 3 మి.మీ. మందమున్న కాంపోజిట్ పలకలో, అంటే మధ్యలో ప్లాస్టిక్ పొర, రెండువైపులా 0.3 మి.మీ. అల్యూమినియం రేకులు ఉండేదానిలో, చదరపు మీటరుకు సుమారు 4 కిలోల బరువుంటుంది; మీ ‘కంపోజిషన్ 8’ దాదాపు అంతే తూగుతుంది. వెనక చిన్న అల్యూమినియం చట్రం అతికించి, గోడకు 15 నుంచి 20 మి.మీ. ముందుకు తేలేలా పెట్టించండి. వెనక పడే సన్నని నీడ పలక అంచును శుభ్రంగా చూపిస్తుంది, పలక కూడా వంపు తిరగదు. నాలుగు మూలలా రంధ్రాలు చేసి స్క్రూలు బిగించే పద్ధతిని కాండిన్‌స్కీకి మాత్రం వాడకండి. ఆయన చిత్రంలో లేని నాలుగు వృత్తాలు వచ్చి చేరతాయి.

శుభ్రం చేసేటప్పుడు మెత్తని మైక్రోఫైబర్ గుడ్డను, అవసరమైతే కొద్దిగా నీటితో తడిపి, గీతల వెంబడే తుడవండి, అడ్డంగా తుడిస్తే చిన్న ఇసుకరేణువు కూడా గీతలకు అడ్డుగా గీరుతుంది, ఆ గీర మళ్లీ పోదు. అమ్మోనియా, ఆల్కహాల్, అసిటోన్ ఉన్న ద్రావణాలు యూవీ ఇంకును మెత్తబరుస్తాయి. ఇంకు వేయకుండా వదిలిన లోహంపై వేలిముద్రలు ఇట్టే పడతాయి కాబట్టి అచ్చు తర్వాత పారదర్శకమైన మ్యాట్ పూత వేయించడం మంచిది. నిగారించే పూత వద్దు. గీతల మెరుపుపై అద్దపు మెరుపు చేరితే దేనికది కనిపించకుండా పోతుంది.

ఆర్డరు ఇచ్చే ముందు ఒక పట్టీ వేయించుకోండి. ‘సెవరల్ సర్కిల్స్’లోని వెలుగువలయం కొంత, ‘కంపోజిషన్ 8’లోని సన్నని గీతలున్న మీగడ నేల కొంత, ఆ ఊదా వృత్తపు అంచు కొంత, అన్నీ అసలు పరిమాణంలో, ఒకే పట్టీ మీద, తుది ప్రతికి వాడే రేకుపైనే ఉండాలి. గీతల దిశను బాణంతో దాని వెనక రాయించండి. దాన్ని మీరు అనుకుంటున్న గోడపై, అనుకుంటున్న ఎత్తులో రెండువైపులా అంటుకునే టేపుతో అతికించి, ఒక పగలూ ఒక రాత్రీ చూడండి. తర్వాత తీసి, 90 డిగ్రీలు తిప్పి మళ్లీ అతికించి, మర్నాడు కూడా అలాగే చూడండి. రెండు రోజుల్లో ఏ గంటకు ఏ దిశ బాగుందో, ఏ రంగు కింద తెలుపు చాలలేదో రాసి ఇక్కడ పెట్టండి, తెల్ల పొరలో ఏ మార్పు చేయాలో నేను చెబుతాను.